శాఖా గ్రంథాలయంలో పిల్లల అభిమాన బృందం: మొదటి ఆదివారం నుంచి వారోత్సవాల దాకా

తొమ్మిదో తరగతి పిల్లవాణ్ని పట్టుకుని "పుస్తకాలు చదువుతావా?" అని అడిగితే తల అడ్డంగా ఊపుతాడు. వాడికే ఒక జపాన్ యానిమేలో, అంటే అక్కడి కార్టూన్ సీరియల్లో, ఎవరు ఎవరి శిష్యుడో, ఏ ఊరికీ ఏ ఊరికీ పడదో, ఎవరి శక్తి ఎక్కడ పనిచెయ్యదో కంఠతా వచ్చు. పక్కనున్న అమ్మాయికి ఫోన్లో చదివే ఒక బొమ్మల కథలో, అంటే వెబ్‌టూన్‌లో పాత్రల చుట్టరికాలన్నీ వేళ్ల మీద ఉంటాయి. ఇన్ని పేర్లూ ఇన్ని మెలికలూ బుర్రలో పెట్టుకోగలిగినవాళ్లకి నవల చదవడం కష్టమేం కాదు. వాళ్ల ఇష్టానికీ మన బీరువాకీ మధ్య దారి లేదు, అంతే. ఆ దారే అభిమాన బృందం, అంటే ఇష్టమైన కథల చుట్టూ వారం వారం కూడే పిల్లల గుంపు. దానికి ఒక బల్ల, పన్నెండు కుర్చీలు, ఒక రీము కాగితం, వారానికి గంటన్నర చాలు. కోనసీమలోనో, భీమవరం, పాలకొల్లు వైపో ఒకే ఒక్క ఉద్యోగి ఉన్న చిన్న శాఖా గ్రంథాలయంలో కూడా నడిచే పద్ధతి ఇది. నడిపేది లైబ్రేరియన్ కావచ్చు, బడి మాస్టారు కావచ్చు, డిగ్రీ చదివే అన్నయ్యో అక్కో కావచ్చు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోవాలి. కూడిన ప్రతిసారీ పిల్లల చేత్తో ఏదో ఒక వస్తువు తయారవ్వాలి, అది గ్రంథాలయం అరలో మిగలాలి. చిన్న చీటీ అయినా సరే. ఉత్త కబుర్లతో లేచిపోయే బృందం మూడో వారానికి పలచబడిపోతుంది, ఎందుకంటే ఆ కబుర్లు ఫోన్లో ఎలాగూ దొరుకుతాయి. తన పేరున్న కాగితం అరలో ఉందంటే, అది చూసుకోవడానికైనా పిల్ల మళ్లీ వస్తుంది.

ఎప్పుడు, ఎక్కడ

శాఖా గ్రంథాలయాలకి మామూలుగా శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటాయి. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా పెట్టుకోండి. సాయంత్రాలు ట్యూషన్లు అడ్డొస్తాయి. పైగా పక్క ఊళ్ల నుంచి సైకిల్ మీద వచ్చే అమ్మాయిలు చీకటి పడకుండా కాలవగట్టు దాటి ఇల్లు చేరాలి. ఆలస్యమైతే మర్నాటి నుంచి ఇంట్లో పంపరు, అందులో వాళ్ల తప్పేం లేదు.

ఉదయం పూట ఇంకో చిక్కుంది: పేపరు చదవడానికి వచ్చే పెద్దలు. వాళ్లకి ముందే చెప్పాలి. "మాస్టారూ, ఆదివారం ఓ గంటన్నర పిల్లలు కాస్త సందడి చేస్తారండి, వరండాలో కూర్చోబెడతాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. చెప్పకుండా మొదలుపెడితే రెండో వారమే ఫిర్యాదు వెళ్తుంది. పిల్లల బల్ల వరండాలో గానీ, పత్రికల బల్లకి దూరంగా గానీ వెయ్యండి.

పదమూడు నుంచి పదిహేడేళ్ల మధ్యవాళ్లు, ఆరుగురి నుంచి పన్నెండు మంది దాకా బాగుంటుంది. పన్నెండు దాటితే రెండు బల్లలు చెయ్యండి. మొదటిరోజు ముగ్గురే వచ్చినా మొదలుపెట్టండి, వాయిదా వెయ్యకండి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంక గ్రామాల పిల్లలు రాలేరు. వాళ్ల కోసం ఆ వారం కాగితాలు, పని వివరం ఒక కవరులో పెట్టి, అదే బడిలో చదివే పిల్లలకి ఇచ్చి ఉంచండి. వరద తీశాక ఖాళీ చేతులతో తిరిగి రావడానికి మొహమాటపడతారు. పూర్తి చేసిన పని చేతిలో ఉంటే ఆ మొహమాటం ఉండదు.

మొదటి రోజు మూడు ప్రశ్నలు

"నీ పేరేంటమ్మా, ఏ తరగతి?" అంటూ వరసగా లేపి నిలబెట్టకండి. మనిషికి మూడు చీటీలివ్వండి, పేరు రాయక్కర్లేదు. ఒకదాని మీద బాగా ఇష్టమైన పాత్ర ఎవరో రాయాలి. రెండోదాని మీద ఆ పాత్ర చేసిన పెద్ద తప్పు. మూడోదాని మీద ఆ కథలో తను మార్చాలనుకునే ఒక్క సంఘటన. పది నిమిషాలివ్వండి. తర్వాత చీటీలు కలిపేసి ఒక్కొక్కటీ చదువుతూ గోడమీది చార్టుకి అంటించండి.

రెండో ప్రశ్నలోనే అసలు పట్టు ఉంది. ఎందుకు ఇష్టం అని అడిగితే "సూపర్ సార్" అని ఊరుకుంటారు. తప్పేంటి అని అడిగితే ఒకడు చెప్తాడు, ఇంకొకడు "అది తప్పెలా అవుద్ది?" అని లేస్తాడు, కథలోంచి సాక్ష్యాలు బయటికొస్తాయి. సాహిత్య విమర్శ అంటే ఇదే, పేరు చెప్పకుండా జరిగిపోతుంది. ఆ చార్టే మొదటి రోజు అరలో మిగిలే వస్తువు.

గోదావరి జిల్లాల్లో సినిమా అభిమానం ఎంత వేడిగా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకని మొదటి రోజే నియమం చెప్పెయ్యాలి: ఇక్కడ పాత్ర పేరు చెప్పాలి, హీరో పేరు చెప్పకూడదు. పాత్ర గురించి వాదన పేజీ తీసో సన్నివేశం గుర్తుచేసో తేల్చుకోవచ్చు. హీరోల గురించి వాదన మొదలైతే వసూళ్లలోకి, అక్కణ్నుంచి ఊళ్లో గొడవల్లోకి వెళ్తుంది, పెద్దవాళ్లు కూడా దిగుతారు. ఫ్లెక్సీలు, పుట్టినరోజు కేకులు గ్రంథాలయం గేటు బయటే. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

కథ ముందే చెప్పేసేవాళ్లతో ఇంకో తంటా. బట్టలు ఆరేసుకునే ఎర్ర క్లిప్పులు ఓ డజను కొనండి. ఎవరైనా సగంలో ఉన్న పుస్తకానికి ఎర్ర క్లిప్పు పెట్టారంటే, వాళ్లు వినేచోట ఆ కథ ముగింపు ఎవరూ ఎత్తకూడదు. నోటితో పదిసార్లు చెప్పినదానికన్నా క్లిప్పు బాగా పనిచేస్తుంది.

ఒక్క కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం

రెండో వారం నుంచి బృందానికి ప్రాణం ఇదే. అభిమానులు తమకోసం తాము రాసి, జిరాక్సు తీసి పంచుకునే చిన్న పత్రికని ఫ్యాన్‌జీన్ అంటారు. 1930ల అమెరికాలో సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్లు ఇలాంటివి నడిపారు. మన పిల్లలు ఒక ఎ4 కాగితం, ఒక కత్తెరతో గంటలో చెయ్యగలరు.

కాగితాన్ని పొడవు అంచు మీ వైపు ఉండేలా అడ్డంగా పెట్టండి. కింది అంచును పై అంచు మీదకి తెచ్చి మడిచి, గోరుతో గట్టిగా గీటి, విప్పెయ్యండి. ఇప్పుడు ఎడమ అంచును కుడి అంచు మీదకి మడవండి, అదే దిశలో మరోసారి సగానికి మడవండి. మొత్తం విప్పితే ఎనిమిది గళ్లు కనపడతాయి. ఒక్కో గడి సుమారు 7.4 సెంటీమీటర్ల వెడల్పు, 10.5 సెంటీమీటర్ల ఎత్తు.

మళ్లీ ఎడమ అంచును కుడి అంచు మీదకి ఒక్క మడత వెయ్యండి. మడత ఉన్న వైపు నుంచి మధ్యగీత వెంట కత్తెర పెట్టి, మొదట అడ్డొచ్చే నిలువు గీత దాకా, అంటే 7.4 సెంటీమీటర్లు కత్తిరించి ఆపండి. విప్పితే కాగితం నడిమధ్య చీలిక ఉంటుంది, అంచులు నాలుగూ కలిసే ఉంటాయి. కాగితాన్ని మొదట చేసినట్టు పొడవునా మడిచి, రెండు కొసలూ పట్టుకుని లోపలికి నెట్టండి. చీలిక తెరుచుకుని, పైనుంచి చూస్తే కూడిక గుర్తులా అవుతుంది. రెక్కలన్నీ ఒకే వైపుకి తిప్పి మూస్తే పుస్తకం.

ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు ఒకటే: మడత వైపు నుంచి కాకుండా తెరిచి ఉన్న అంచు వైపు నుంచి కోస్తారు. అప్పుడు మధ్యలో చీలిక రాదు, రెండు అంచులూ చీలిపోతాయి, పుస్తకం నిలబడదు. అందుకని కత్తెర పెట్టేముందు మడత వైపు పెన్సిల్‌తో చుక్క పెట్టించండి. మొదటి రెండూ పాత పేపరు ముక్కలతోనే చేయించండి.

రాసేముందు మడిచిన పుస్తకంలోనే 1 నుంచి 8 దాకా పెన్సిల్‌తో అంకెలు వేసి, తర్వాత విప్పి చదునుగా పరిచి రాయాలి. విప్పినప్పుడు పై వరుస తలకిందులుగా ఉండి, ఎడమ నుంచి 5, 4, 3, 2 అని వస్తుంది. కింది వరుస 6, 7, 8, 1. ఈ వరుస బట్టీ పట్టక్కర్లేదు, అంకెలు వేసుకుంటే అదే తెలుస్తుంది. వెయ్యకపోతే మాత్రం సగం పుస్తకం తలకిందులవుతుంది.

జిరాక్సుకి నల్ల జెల్ పెన్నే వాడాలి. లేత నీలం, పెన్సిల్ గీతలు కాపీలో ఎగిరిపోతాయి. యంత్రం కాగితం చివర్లు అచ్చు వెయ్యదు కాబట్టి ప్రతి గడిలోనూ ముప్పావు సెంటీమీటరు ఖాళీ వదలాలి. ఒకవైపే కాపీ తీస్తాం కనక ఇరవై కాపీలకి ఇరవై కాగితాలే. మందపాటి కాగితం వద్దు, మడతలు ఉబ్బుతాయి, మామూలు 70, 75 జీఎస్ఎం కాగితం చాలు. వానాకాలంలో రీము విప్పి వదిలేస్తే తేమకి కాగితం మెలితిరిగి యంత్రంలో ఇరుక్కుంటుంది, పాలిథిన్ కవరులో మూతికట్టి ఉంచండి.

లోపల ఏం రాయాలో పిల్లలకే వదిలెయ్యండి. ఏమీ తోచనివాళ్లకి మాత్రం ఇలా చెప్పొచ్చు: 1 అట్ట, 2లో పాత్ర పరిచయం, 3లో మరిచిపోలేని సంఘటన, 4, 5 కలిపి పెద్ద బొమ్మ, 6లో ఆ పాత్ర తప్పు, 7లో "ఇది నచ్చినవాళ్లు ఇంకేం చదవొచ్చు", 8లో కలం పేరు, నెల, ఊరు. అసలు పేరు బదులు కలం పేరే మంచిది. కలం పేరు వెతుక్కోవడంలోనే ఓ పావుగంట సంబరంగా గడిచిపోతుంది.

పిన్నులు వద్దు, కుట్టండి

నెలకోసారి అందరి రచనలూ కలిపి పదహారు పేజీల సంచిక చెయ్యొచ్చు. నాలుగు ఎ4 కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టి సగానికి మడిస్తే సరి. స్టేప్లర్ పిన్ను కొట్టడం సులువే గానీ, డెల్టా గాలిలో తేమకి ఒక్క వానాకాలంలో పిన్ను తుప్పు పడుతుంది, తుప్పు మరక చుట్టూ కాగితం పెళుసై చిరుగుతుంది. దారంతో కుట్టడం అయిదు నిమిషాల పని.

మడత మీద మూడు రంధ్రాలు: ఒకటి సరిగ్గా మధ్యలో, మిగతా రెండూ పై, కింది అంచుల నుంచి నాలుగేసి సెంటీమీటర్లు లోపలికి. జామెట్రీ బాక్సులో కంపాస్ ముల్లు చాలు, కింద పాత పుస్తకమో అట్టో పెట్టి గుచ్చండి. దారం అర మీటరు, బట్టలు కుట్టే దారం అయితే రెండు పేటలు. సూదిని పుస్తకం లోపలి నుంచి మధ్య రంధ్రంలోకి దూర్చి బయటికి తియ్యండి, ఓ జానెడు తోక లోపలే వదలండి. బయటి నుంచి పై రంధ్రంలోకి, లోపల మధ్య రంధ్రాన్ని దాటేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ బయటి నుంచి మధ్య రంధ్రంలోకి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి. వాటి మధ్య నిలువుగా పొడుగు దారం ఉంటుంది, దానికి అటొకటి ఇటొకటి ఉండేలా చూసి, దాని మీదుగా ముడి వెయ్యండి. రెండు కొసలూ ఒకేవైపు ఉండగా ముడి వేస్తే కుట్టు వదులైపోతుంది.

అట్టకి మైదా బంక పూయకండి, బొద్దింకలకీ పురుగులకీ అది విందు. పలచగా ఫెవికాల్ రాసి, బరువు కింద ఓ రాత్రి ఉంచితే సరిపోతుంది.

మొగల్తూరు నుంచి లండన్ దాకా ఒక పటం

కథలోని ఊళ్లకి పటాలు గియ్యడం అభిమానులకి ప్రపంచమంతటా ఇష్టమైన పని. మన పిల్లలకి దీనికోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన "బారిష్టర్ పార్వతీశం" మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు కుర్రాడు నరసాపురంలో పడవెక్కి నిడదవోలు చేరి, అక్కడ రైలెక్కి చివరికి సీమకి, అంటే ఇంగ్లండుకి, పోయిన కథ. ఇప్పుడు బస్సు మీద పోయే దారిలో అప్పుడు కాలవ పడవలు నడిచాయని పిల్లలకి ఇక్కడే తెలుస్తుంది. కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక, 1852 తర్వాత, పెరిగిన కాలవలే ఆ రోజుల్లో ఈ ప్రాంతానికి రోడ్లు.

ముగ్గురేసి జట్టు చేసి, ఒక్కో జట్టుకి కొన్ని ప్రకరణాలివ్వండి. ముందు పటం ముట్టుకోకూడదు. ఊరి పేరు, పేజీ నంబరు, ఏ వాహనం, ఈ మూడూ ఒక కాగితం మీద పట్టిక రాయాలి. దానికి నలభై నిమిషాలు పడుతుంది. తర్వాత పెద్ద చార్టు మీద గియ్యాలి: పుస్తకంలో స్పష్టంగా ఉన్నది సిరాతో, ఊహించినది పెన్సిల్‌తో. ఈ తేడా పాటిస్తే "ఇది పుస్తకంలో ఉందా, నీకు అనిపించిందా?" అని పిల్లలే ఒకళ్లనొకళ్లు అడుగుతారు. తెలుగు తడుముకుంటూ చదివే ఇంగ్లీషు మీడియం పిల్లలుంటే జట్టులో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు రాసుకోవాలి. చదవలేకపోవడం బయటపడుతుందన్న భయమే వాళ్లని తెలుగు పుస్తకానికి దూరం చేస్తుంది. వినేటప్పుడు ఆ భయం ఉండదు, రెండు మూడు వారాలకి వాళ్లే పుస్తకం లాక్కుంటారు.

అరలో ఏం పెట్టాలి

మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాలు, కొనేముందు లెక్క చూసుకోండి. "నరుటో" ఒక్కటే 72 సంపుటాలు. అన్నీ కొనే డబ్బు ఏ శాఖకీ ఉండదు, మధ్యలో ఒక్కటి పోతే మిగతావి చదివేవాళ్లుండరు. ఏదైనా ఒక వరసలో మొదటి మూడు తెప్పించి, ఎంతమంది తీసుకెళ్తున్నారో రెండు నెలలు చూడండి. ఒకరికి ఒక్క సంపుటమే, ఏడు రోజులకే ఇవ్వండి. కావలసిన పుస్తకాల పేరు, రచయిత, ప్రచురణకర్త, ధర సూచనల పుస్తకంలో పిల్లల చేతే రాయించండి. జిల్లా గ్రంథాలయ సంస్థకి కొనుగోలు జాబితా వెళ్లేటప్పుడు అది అక్కరకొస్తుంది.

మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలి. అలవాటు ప్రకారం ఎడమ అట్ట తిప్పి తేదీ చీటీ అంటించారంటే, అది కథ చివరి పేజీ దగ్గర పడుతుంది. పుస్తకం ఇచ్చేటప్పుడల్లా ముగింపు కనిపించేస్తుంది. కథ మొదలయ్యే వైపు అట్ట లోపల, బొమ్మ లేనిచోట అంటించండి. గ్రంథాలయ పుస్తకాలకి అంశాల వారీగా సంఖ్యలిచ్చే డ్యూయీ పద్ధతిలో కామిక్స్ సంఖ్య 741.5. అన్నీ ఒకేచోట ఉంచితే వెతుకులాట తప్పుతుంది.

ఇక ఎంతో ఫలితమిచ్చే చిన్న పని: "ఇది నచ్చితే ఇది" చీటీలు. పోస్టుకార్డులో సగం సైజు అట్టముక్క మీద మూడు వాక్యాలు: ఏం నచ్చినవాళ్లకి ఈ పుస్తకం, రెండింటిలో ఏది ఒకేలా ఉంటుంది, ఎన్నో పేజీ దాకా ఓపిక పట్టాలి. ఆ మూడో వాక్యం తప్పకుండా ఉండాలి. పాత తెలుగు పుస్తకాలు నెమ్మదిగా మొదలవుతాయి, ఇరవై పేజీలు దాటితే పట్టు దొరుకుతుందని తోటి పిల్ల రాస్తే నమ్ముతారు. గురుశిష్యుల ప్రయాణాల యానిమే ఇష్టపడేవాళ్లకి మధిర సుబ్బన్న దీక్షితులు "కాశీమజిలీ కథలు" చూపించండి. ఒక యతి, ఒక గొల్లపిల్లవాడు కాశీకి నడిచిపోతుంటే, మజిలీ మజిలీకి యతి వాడికి ఒక కథ చెప్తాడు, పన్నెండు భాగాలు. అపరాధ పరిశోధన కథలకి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్. అల్లరికి "బుడుగు". రాసిన ముళ్లపూడి వెంకటరమణది ధవళేశ్వరం, బొమ్మలు గీసిన బాపుది నరసాపురం. ఇద్దరూ మన ఒడ్డువాళ్లేనని తెలిస్తే పిల్లల మొహాలు వెలుగుతాయి.

రాయడం, పంచడం, హద్దులు

అభిమాన కథలు, అంటే ఇష్టమైన పాత్రలతో పిల్లలే అల్లే కొత్త కథలు, రాయించేటప్పుడు "ఏదైనా రాయండి" అంటే ఎవరూ కదలరు. కథలో కనిపించని ఒక గంట ఇవ్వండి: యుద్ధం జరుగుతుంటే హీరో చెల్లెలు ఇంట్లో ఏం చేస్తోంది? లాంగ్ నోటుబుక్కులో ఒక్క పేజీ, పాతిక వరసలు దాటకూడదు. నిజమైన నటుల మీద, గాయకుల మీద కథలు వద్దు, పాత్రల మీదే.

చట్టం మాట కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సమీక్షకో విమర్శకో కొంత భాగం ఉటంకించవచ్చు. పుస్తకం మొత్తం జిరాక్సు తియ్యకూడదు. పిల్లల సంచికలు అమ్మకండి, చేత్తో చేసిన కొద్ది కాపీలు పంచుకోండి. ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే, దాంతో గ్రంథాలయంలో సినిమా వెయ్యడం కుదరదు. ఫోటోలు తీస్తే చేతులు, కాగితాలు, బొమ్మలు తియ్యండి. మొహాలు కనపడాలంటే తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోవాలి.

నవంబరు 14 కోసం

గ్రంథాలయ వారోత్సవాలు ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా. బృందం పని ఊరికి చూపించడానికి ఇంతకన్నా మంచి వారం లేదు. ఒకరోజు పాత్రల వేషాలు పెట్టండి, అక్టోబరు మొదటి వారంలోనే పని మొదలవ్వాలి. కవచాలకి 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు, రబ్బరు సొల్యూషన్. రెండు వైపులా రాసి, ఓ పది నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడు నొక్కాలి. తడిగా ఉండగా నొక్కితే జారిపోతుంది. అదే సొల్యూషన్ థర్మోకోల్ మీద రాస్తే అది కరిగి గుంటలు పడుతుంది, స్ప్రే రంగు కూడా అంతే. థర్మోకోల్‌కి ఫెవికాలూ నీటి రంగులూ వాడండి. రెక్కలకి, పెద్ద కిరీటాలకి వెదురు బద్దల చట్రం కట్టాలి. కోనసీమలో సంక్రాంతికి ప్రభలు కట్టే పెద్దలకి ఆ ముడులన్నీ తెలుసు, ఒక ఆదివారం పిలిచి నేర్పించమనండి. కత్తులు అట్టవే ఉండాలి, మూరన్నర దాటకూడదు. నవంబరులో వాయుగుండాలు మామూలే, అందుకని ఏర్పాటంతా లోపలే, ఇంకో తేదీ కూడా ముందే అనుకుని ఉంచండి.

వారోత్సవాలయ్యాక సంచికలన్నీ ఒక రిజిస్టరులో వరస నంబర్లతో ఎక్కించి, మందపాటి కవర్లలో పెట్టి, మిగతా పుస్తకాల్లాగే ఇళ్లకి ఇవ్వండి. జనవరి నుంచి పదో తరగతి పిల్లలు పరీక్షల చదువులో పడతారు, పిలవకండి. మిగతావాళ్లతో రెండు వారాలకోసారి చాలు. పదో తరగతివాళ్లు వెళ్లేముందు క్లిప్పులు, కత్తెర, కంపాస్, మాదిరి పుస్తకాలు, రిజిస్టరు ఒక అట్టపెట్టెలో సర్ది, ఎనిమిదో తరగతి ఇద్దరికి మడతలూ కుట్టూ నేర్పించి అప్పజెప్పాలి. జూన్‌లో బడులు తెరిచాక వచ్చే మొదటి ఆదివారం ఆ ఇద్దరే పెట్టె తీసి మూడేసి చీటీలు పంచుతారు.